షెడ్డులో పుట్టిన పగులు: ఒక తప్పు రిపేరు ఏడేళ్లు ఎలా దాక్కుంది?

మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డు మనలో చాలామందికి తెలుసు. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే నల్లమల దారి కూడా అంతే. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో మలుపులు. ఆ దారుల్లో మనం ఎవర్ని నమ్ముకుంటాం? డ్రైవర్ని. బ్రేకుల్ని. మల్లన్నని. ఇంకో మనిషి ఉన్నాడు, ఆయన్ని మాత్రం ఎవరం గుర్తు చేసుకోం. ఆ బండిని చివరిసారి విప్పి మళ్లీ బిగించినాయన.

ఇవాళ ఎపిసోడ్ ఆయన గురించి. అంటే రిపేరు వల్ల వచ్చే డ్యామేజీ గురించి. యాక్సిడెంట్‌లో బండి దెబ్బతింటే అందరికీ కనిపిస్తుంది, నలుగురు చూస్తారు, ఫోటోలు తీస్తారు. షెడ్డులో దెబ్బతింటే? అది లోపల ఉంటుంది. పైన మూత ఉంటుంది. ఆ మూత పెట్టింది కూడా తప్పు చేసిన మనిషే. పైగా మనం డబ్బులిచ్చి, థాంక్స్ చెప్పి తెచ్చుకుంటాం. అందుకే దీనికి పెద్దగా చరిత్ర రాసినవాళ్లు లేరు. కార్ల విషయంలో ఐతే అసలు లేరు. కానీ విమానాలకి ఒక అలవాటుంది. కూలిపోతే ప్రతి ముక్కా ఏరుకొచ్చి, ఎవరు ఎప్పుడు ఏ బోల్టు ముట్టుకున్నారో తవ్వి తీస్తారు. అందుకని కథ అక్కడి నుంచి మొదలుపెట్టి మన ఊరి షెడ్డు దాకా వస్తాను.

1978 జూన్ 2. జపాన్‌లో ఒసాకా ఇటామి ఎయిర్‌పోర్టు. జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 ఒకటి దిగేటప్పుడు ముక్కు మరీ పైకి లేచి, తోక రన్‌వేని రాసుకుంది. దెబ్బ తగిలింది తోకలోని ప్రెజర్ బల్క్‌హెడ్‌కి. అదేంటంటే, విమానం వెనక భాగంలో గొడుగు విప్పినట్టుండే ఒక గోడ. దానికి ఇవతల మనం కూర్చునే క్యాబిన్, గాలి నింపి ఉంటుంది. అవతల తోక, అక్కడ గాలి పీడనం ఉండదు. విమానం పైకెళ్లిన ప్రతిసారీ లోపలి గాలి ఈ గోడని బయటికి తోస్తూ ఉంటుంది. దిగాక వదిలేస్తుంది. మళ్లీ ఎక్కితే మళ్లీ తోస్తుంది.

రిపేరు చేసింది గల్లీ షెడ్డు కాదు. విమానం తయారుచేసిన బోయింగ్ కంపెనీ సొంత టీమే వచ్చి చేసింది. గోడ కింది సగం పాడైంది కాబట్టి దాన్ని తీసేసి కొత్త సగం పెట్టారు. పాత పై సగం, కొత్త కింది సగం కలిసే చోట ఒకచోట అంచు సరిపోలేదు. ఫరవాలేదు, దానికీ పద్ధతి ఉంది: మధ్యలో ఒక పట్టీ పెట్టి, రెండు సగాలనీ ఆ ఒకే పట్టీకి రివెట్లు కొట్టి కలపాలి. కాగితం మీద అట్టాగే రాశారు, సరిగ్గానే రాశారు. కానీ పని చేసేటప్పుడు ఆ ఒక్క పట్టీ బదులు రెండు ముక్కలు పెట్టారు. మధ్యలో తెగిపోయింది కదా, ఇక ఆ రెండో ముక్క అక్కడ ఉన్నా లేనట్టే. రెండు వరసల రివెట్లు మొయ్యాల్సిన బరువు ఒక్క వరస మీద పడింది. అతుకు బలం సుమారు 70 శాతానికి పడిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ రెండు ముక్కల మధ్య సందు ఉంది కదా, అది కనపడొద్దా? కనపడలేదు. ఎందుకంటే గాలి లీక్ అవకుండా అంచుల వెంబడి సీలెంట్ రాస్తారు. ఆ సీలెంట్ సందుని నింపేసింది. బయటి నుంచి చూసినవాడికి నీటైన అతుకు. తర్వాత ఏడేళ్లు ఆ విమానానికి మామూలుగా జరిగే తనిఖీలన్నీ జరిగాయి. ఎవరికీ కనిపించలేదు. సుమారు 12,300 సార్లు ఎగిరింది, దిగింది. అన్నిసార్లూ ఆ ఒక్క వరస రివెట్ల చుట్టూ సన్నటి పగుళ్లు వెంట్రుకంత వెంట్రుకంత పాకాయి.

1985 ఆగస్టు 12 సాయంత్రం. జపాన్‌లో ఒబోన్ పండగ సీజన్, మనకి సంక్రాంతికి ఎట్టా ఊళ్లకి పోతామో అట్టాంటి రష్షు. ఫ్లైట్ నంబరు 123, టోక్యో నుంచి ఒసాకా, లోపల 524 మంది. 6 గంటల 12 నిమిషాలకి గాల్లోకి లేచింది. 6:24కి, 24,000 అడుగుల దగ్గర, ఆ గోడ తెగిపోయింది. క్యాబిన్ గాలంతా ఒక్కసారిగా తోకలోకి దూసుకెళ్లి నిలువు రెక్కలో చాలా భాగాన్ని ఊడగొట్టింది. విమానాన్ని తిప్పడానికి ఉండే నాలుగు హైడ్రాలిక్ లైన్లూ అక్కడి నుంచే పోతాయి. నాలుగూ తెగాయి. అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం తిరగని బండి. కెప్టెన్ మసామి తకహామా, ఆయన సిబ్బంది ఇంజిన్ల పవర్ పెంచుతూ తగ్గిస్తూ 32 నిమిషాలు దాన్ని గాల్లో నిలబెట్టారు. ఆ టైములో కొందరు ప్రయాణికులు చేతికి దొరికిన కాగితాల మీద ఇంట్లోవాళ్లకి చివరి మాటలు రాశారు. ఆ కాగితాలు తర్వాత దొరికాయి. 6:56కి విమానం గున్మా ప్రాంతంలోని కొండల్లో పడింది. 520 మంది పోయారు. నలుగురు బతికారు. ప్రపంచంలో ఒకే విమానం కూలి ఇంతమంది చనిపోవడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

నెల తిరక్కముందే, సెప్టెంబర్‌లో, ఆ రిపేరు తప్పుగా జరిగిందని బోయింగ్ ఒప్పుకుంది. జపాన్ ఎయిర్‌లైన్స్ 2006లో హనేడా ఎయిర్‌పోర్టు దగ్గర ఒక సెంటర్ తెరిచింది. తెగిపోయిన ఆ బల్క్‌హెడ్‌ని అక్కడ పెట్టారు, వాళ్ల స్టాఫ్‌కి ట్రైనింగ్‌లో చూపిస్తారు.

నన్ను అడిగితే ఈ కథలో భయపెట్టేది 520 అనే అంకె కాదు. ఆ ఏడేళ్లు. నేను కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కదా, మాకు కోడ్‌లో బగ్ వస్తే గిట్ హిస్టరీ తీసి, ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో ఒక్క కమాండ్‌తో చూస్తాం. తిట్టుకోడానికైనా పేరు దొరుకుతుంది. కారుకి గిట్ లేదు. మూడు చేతులు మారిన కారు బ్రేకు డ్రమ్ము లోపల ఏముందో, ఎవరు పెట్టారో, ఏ రికార్డులోనూ ఉండదు.

సరే, ఈ పగులు పాకడం ఏంటి అనేది కొంచెం చూద్దాం. ఇనుము ఒక్క దెబ్బకి విరగాలంటే చాలా బలం కావాలి. కానీ అంతకన్నా తక్కువ బరువైనా లక్ష సార్లు వేసి తీస్తే విరగొచ్చు. ఇనప తీగని అటూ ఇటూ వంచుతుంటే పుటుక్కున తెగుతుంది చూడండి, అదే. దీన్ని జనం రైళ్ల దగ్గర నేర్చుకున్నారు. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయి నుంచి పారిస్ వెళ్లే రైలింజన్ ఇరుసు విరిగి పెట్టెలు తగలబడ్డాయి, 50 మందికి పైగా చనిపోయారు. ఇరుసు మీద మామూలు బరువే ఉంది, మరి ఎందుకు విరిగింది? తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు ఏళ్ల తరబడి ఇరుసుల మీద ప్రయోగాలు చేసి, ఎంత బరువు ఎన్నిసార్లు పడితే ఎప్పుడు విరుగుతుందో లెక్క తేల్చాడు. రైల్వేల్లో సుత్తితో చక్రాన్ని కొట్టి శబ్దం వినే ఉద్యోగం ఉండేది. మంచి చక్రం మోగుతుంది, పగిలింది మొద్దుగా పలుకుతుంది. మనవాళ్లు కుండ కొనేటప్పుడు చేసే పనే ఇది.

ఇక్కడ అసలు పాయింటు ఏంటంటే, పగులు పాకాలంటే మొదట ఎక్కడో పుట్టాలి. ఒక గీత, ఒక సొట్ట, ఎక్కువ బిగించిన బోల్టు. మంచి షెడ్డులో కూడా అది పుట్టొచ్చు. తొందరలో ఉన్న షెడ్డులో ఇంకా ఈజీగా పుడుతుంది.

తొందర అంటే గుర్తొచ్చింది. 1979 మే 25, చికాగో. అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 191, డీసీ-10 విమానం, టేకాఫ్ అవుతుండగా ఎడమ ఇంజిన్ మొత్తం ఊడి రెక్క మీదుగా ఎగిరి వెనక్కి పడిపోయింది. విమానంలో 271 మంది, కింద ఇద్దరు చనిపోయారు. ఇంజిన్ ఊడటానికి కారణం ఎక్కడ దొరికిందో తెలుసా? ఎనిమిది వారాల ముందు టల్సాలోని మెయింటెనెన్స్ బేస్‌లో. కంపెనీ మాన్యువల్ ప్రకారం ముందు ఇంజిన్ దించాలి, తర్వాత దాన్ని రెక్కకి పట్టి ఉంచే పైలాన్ దించాలి. రెండూ కలిపి ఒకేసారి ఫోర్క్‌లిఫ్ట్‌తో దించితే ఒక్కో విమానానికి సుమారు 200 పనిగంటలు కలిసొస్తాయని వాళ్లు సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టారు. ఫోర్క్‌లిఫ్ట్ అంటే గోడౌన్లో మూటలెత్తే బండి అండీ. అది ఒక అంగుళం అటూ ఇటూ ఐతే చాలు, పైలాన్ అంచు వెళ్లి రెక్క బ్రాకెట్‌కి గుద్దుకుంటుంది. గుద్దుకుంది. అంచు పగిలింది. బిగించేశారు. పగులు పెరిగి చివరికి సుమారు 13 అంగుళాలు అయింది.

ఇంకో సంగతి చెప్తాను, ఇది నాకు చికాగో కన్నా ఎక్కువ కోపం తెప్పించింది. అదే రకం పగులు అంతకు కొన్ని నెలల ముందే ఇంకో ఎయిర్‌లైన్ షెడ్డులో రెండుసార్లు బయటపడింది. వాళ్లు రిపేరు చేసుకున్నారు. "మా మెయింటెనెన్స్ పొరపాటు" అని రాసుకుని ఊరుకున్నారు. అట్టాంటివి మిగతావాళ్లందరికీ చెప్పి తీరాలనే రూలు అప్పట్లో లేదు. ఒక్క మాట బయటికి వచ్చుంటే టల్సాలో ఎవరో ఒకరు టార్చిలైటు వేసి చూసేవాళ్లు.

సరిగ్గా అదే తారీఖు, మే 25, కానీ 2002లో, చైనా ఎయిర్‌లైన్స్ 611 తైవాన్ జలసంధి మీద ముక్కలైంది. 225 మంది. దానిది కూడా తోక రాసుకున్న కేసే, 1980లో హాంకాంగ్‌లో. గీతలు పడ్డ రేకుని కోసి తీసెయ్యకుండా దాని మీదే ఇంకో రేకు కప్పి రివెట్లు కొట్టారు. మన భాషలో ప్యాచ్ వేశారు. కింద గీత అట్టాగే ఉంది, 22 ఏళ్లు పాకింది. జపాన్‌లో సీలెంట్, ఇక్కడ రేకు. రెండు చోట్లా మూత బాగానే ఉంది.

ఇప్పుడు మన ఊళ్లోకి వద్దాం.

తెలుగు ప్రాంతంలో బళ్ల రిపేరు అనేది ఒక పెద్ద వ్యవస్థగా మొదలైంది హైదరాబాద్ రాజ్యంలో. 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ పెట్టారు. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అదే పెరిగి పెరిగి 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. ఆర్టీసీ తెచ్చిన పద్ధతి ఒకటి నాకు చాలా ఇష్టం. డ్రైవర్ డ్యూటీ దిగాక బండిలో ఏం తేడా ఉందో రాసి ఇవ్వాలి, గ్యారేజీలో ఎవరు ఏం చేశారో కూడా రాసి పెట్టాలి. మార్కాపురం డిపో ఐనా, గిద్దలూరు డిపో ఐనా ఇదే. ఆ బస్సుల సీట్ల గురించి, కిటికీల గురించి మనం ఎన్ని జోకులైనా వేసుకోవచ్చు, కానీ ఆ కాగితం ఉందే, దాని విలువ వేరు.

ప్రైవేటు బళ్లది వేరే చరిత్ర. 1960ల్లో విజయవాడలో ఆటోనగర్ వచ్చింది. లారీలకి బాడీ కట్టడం, ఇంజిన్ బోరింగ్, కమాన్లు, రేడియేటర్లు, వెల్డింగు, అన్నీ ఒకేచోట. ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి అంటారు దాన్ని. అక్కడా, ప్రతి టౌన్లో బైపాస్ పక్కన వెలిసిన షెడ్లలోనూ పని నేర్పింది కాలేజీలు కాదు, మేస్త్రీలు. పదేళ్ల పిల్లాడు పానాలు అందించడంతో మొదలుపెట్టి పదేళ్లలో మేస్త్రీ అయ్యేవాడు. అప్పటి అంబాసిడర్‌కి, ఫియట్‌కి, లేలాండ్ లారీకి అది సరిపోయింది కూడా. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. శబ్దం విని ఏ సిలిండర్ పోయిందో చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మందపాటి ఇనుము, సుత్తి దెబ్బ తట్టుకుంటుంది, వెల్డింగు తట్టుకుంటుంది.

బండి మారిపోయింది, చెయ్యి మారలేదు. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. పల్చటి రేకు. తర్వాత కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బైకుకీ ఏబీఎస్ తప్పనిసరి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. ఇప్పటి కార్ల బాడీలో కొన్ని చోట్ల వాడే గట్టి స్టీలుకి ఎక్కువ వేడి తగిలితే దాని బలమే పోతుంది. పాత అలవాటు ప్రకారం గ్యాస్ పెట్టి కాల్చి, కొట్టి, సాపు చేసి, పైన లప్పం పూసి పెయింటు వేస్తే చూడ్డానికి షోరూం బండే. రేపు గుద్దుకున్నప్పుడు ఆ పిల్లర్ మడవాల్సినట్టు మడవదు.

బోల్టు సంగతి కూడా చెప్పాలి, ఇది మనవాళ్లలో ఎవరికీ నచ్చని టాపిక్. "గట్టిగా బిగించు మేస్త్రీ" అంటాం కదా. బోల్టు అనేది నిజానికి ఒక స్ప్రింగు. బిగించినప్పుడు అది కొంచెం సాగుతుంది, ఆ సాగుడుతోనే రెండు భాగాల్ని పట్టి ఉంచుతుంది. లెక్కకి మించి సాగదీస్తే ఇక వెనక్కి రాదు, పట్టు పోతుంది, లేదా మర ఊడుతుంది. అందుకే టార్క్ రెంచ్ కనిపెట్టారు. న్యూయార్క్ నీటి విభాగంలో పనిచేసిన కాన్రాడ్ బార్ అనే ఆయన పైపుల బోల్టులు సమానంగా బిగించడం కోసం దాన్ని తయారుచేశాడు, 1930ల్లో పేటెంటు తీసుకున్నాడు. చిన్న కారు చక్రం నట్టుకి సుమారు 100 న్యూటన్ మీటర్లు చాలు. ఇంజిన్ ఆయిల్ కింద వదిలే బోల్టుకి అందులో సగం కూడా అక్కర్లేదు. మీ షెడ్డులో గాలి గన్నుతో డర్‌ర్‌ర్ అని ఎన్ని సెకన్లు కొట్టాడో చూశారా? నేను చూస్తూ ఉంటాను. టార్క్ రెంచ్ గోడకి వేలాడుతూ ఉన్న షెడ్డు కనిపిస్తే నాకు గుడి కనపడ్డంత ఆనందం.

ఇక మా బాబాయి కారు. ఊరి పేరు, షెడ్డు పేరు చెప్పను. సెకండ్ హ్యాండ్ కారు, బాబాయి ప్రాణంగా చూసుకునేవాడు. ఆయిల్ మార్పించాడు. నెలన్నర తర్వాత పిన్నిని, మామ్మని ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరాడు. దోర్నాల దాటి ఘాట్ సగం ఎక్కాక ఎర్ర లైటు వెలిగింది, ఆపేలోపే ఇంజిన్ పట్టేసింది. వానాకాలం, అడవి, సిగ్నల్ లేదు. వెనకొచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవర్ ఆపి మామ్మని ఎక్కించుకున్నాడు కాబట్టి సరిపోయింది. తర్వాత కారుని మార్కాపురం లాక్కొచ్చి ఇంకో మేస్త్రీ విప్పాడు. ఆయన నన్ను పిలిచి చూపించాడు, "ఇటు రా అబ్బాయ్, ఇది చూడు" అని. ఆయిల్ బోల్టు మర ఎప్పుడో ఊడిపోయింది. దాని చుట్టూ ఎమ్‌సీల్ పూసి, ఆరబెట్టి, పైన నల్ల గ్రీజు రాశారు. కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడికి, అదురుకి అది వదిలేసింది. అల్యూమినియం చాంబర్ మర ఊడటం పెద్ద నేరమేం కాదు, ఎవరికైనా జరుగుతుంది. కొత్త మర వేసే పద్ధతులున్నాయి, చాంబరే మార్చినా ఇంజిన్ ఖర్చులో అది ఏ మూలకి? బాబాయికి ఒక్క మాట చెప్పుంటే డబ్బులు ఇచ్చేవాడు. గ్రీజు ఎందుకు రాశారు? ఆ ప్రశ్నకి నాకు ఒకటే సమాధానం తోస్తుంది, కనపడకుండా ఉండటానికి. బాబాయి వెళ్లి అడిగితే "మీ బండి ముందు నుంచే అట్టా ఉంది సార్" అన్నారట. అబద్ధమని ఎట్టా నిరూపిస్తావ్? బిల్లు లేదు, ఫోటో లేదు, సాక్ష్యం లేదు. ఇంజిన్ పనికి అయిన డబ్బులు బాబాయివే.

ఆ "ముందు నుంచే అట్టా ఉంది" అనే మాట మీద ఒక నోబెల్ ప్రైజే ఉంది, తెలుసా. 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఎకనామిస్ట్ సెకండ్ హ్యాండ్ కార్ల మార్కెట్ మీద ఒక పేపర్ రాశాడు, 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆయన చెప్పింది సింపుల్. కారు లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. కాబట్టి కొనేవాడు అన్ని కార్లనీ అనుమానించి రేటు తగ్గించి అడుగుతాడు. ఆ రేటుకి మంచి కారున్నవాడు అమ్మడు. చివరికి మార్కెట్లో మిగిలేవి డొక్కులే. రిపేరు షెడ్లకీ ఇది అట్టాగే వర్తిస్తుందని నా అభిప్రాయం. అన్నీ పద్ధతిగా చేసే మేస్త్రీ 2,000 అడుగుతాడు, గ్రీజు రాసేవాడు 800 అడుగుతాడు. మనకి తేడా కనపడదు కాబట్టి 800 దగ్గరికే పోతాం. పద్ధతైన మేస్త్రీ షెడ్డు మూసుకుని ఆటో నడుపుకుంటాడు.

చట్టం ఏం చేస్తోంది అంటారా? కొన్ని విషయాల్లో గట్టిగానే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కానీ రోడ్డు మీద? 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు, రోడ్డు మీద పడి ఉన్న బైకుని ఈడ్చుకెళ్లి తగలబడింది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అంతకు కొన్ని నిమిషాల ముందే ఆ బైకు నడిపిన కుర్రాడు కూడా చనిపోయాడు. సీటర్‌గా ఉన్న ఆ బస్సుని తర్వాత స్లీపర్‌గా మార్చారని అప్పుడు వార్తలొచ్చాయి. మంటకి కారణం ఆ మార్పే అని నేను అనట్లేదు, అది తేల్చాల్సింది కోర్టులు. నేను అడిగేది చిన్న ప్రశ్న. ఒక బస్సు లోపలంతా విప్పి, బెర్తులు కట్టి, కొత్త వైర్లు లాగిన షెడ్డు ఒకటి ఎక్కడో ఉంటుంది కదా. ఇట్టాంటివి జరిగినప్పుడు డ్రైవర్ పేరు వస్తుంది, ఓనర్ పేరు వస్తుంది, ఆర్టీఓ పేరు వస్తుంది. షెడ్డు పేరు ఎప్పుడైనా విన్నారా?

బండి నడపడానికి లైసెన్సు కావాలి. బండి బ్రేకులు విప్పడానికి అక్కర్లేదు. ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు ఉంది, కానీ అది చదివితేనే షెడ్డు పెట్టాలని లేదు. ఘాట్ రోడ్డు దృష్టిలో పెట్టుకుని ఒక ఉదాహరణ. బ్రేక్ ఆయిల్ డబ్బాలో పొరపాటున ఇంజిన్ ఆయిల్ కొంచెం పోశాడనుకోండి. బ్రేకు సిస్టంలోని రబ్బరు సీళ్లు ఉబ్బుతాయి. ఆ రోజు ఏం కాదు. కొన్ని రోజులకి బ్రేకులు పట్టేయొచ్చు, లేదా అసలు పట్టకపోవచ్చు. సరైన ఆయిలే పోసినా, ఏళ్ల తరబడి మార్చకపోతే అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. శ్రీశైలం నుంచి దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే వేడికి లోపల మరిగి బుడగలు కడుతుంది. పెడల్ మెత్తగా కిందికి పోతుంది. "సర్వీసింగ్ చేశాం" అని బిల్లులో రాసి ఉంటుంది, ఆయిల్ మార్చారో లేదో చూసినవాడు లేడు.

అమెరికాలో ఇదే గొడవ ఒకప్పుడు బాగా ముదిరితే కాలిఫోర్నియా రాష్ట్రం 1971లో ఆటోమోటివ్ రిపేర్ చట్టం చేసింది, దాని కింద ఒక బ్యూరో పెట్టింది. షెడ్డు రిజిస్టర్ అయి ఉండాలి, ఖర్చు ముందే రాసివ్వాలి. ఇంకోటి, ముందుగా అడిగితే మార్చిన పాత సామాను కస్టమర్‌కి చూపించాలి, చాలావరకు తిరిగి ఇచ్చెయ్యాలి కూడా. ఆ మూడోది చూడండి, ఎంత తెలివైన రూలో. ఇన్‌స్పెక్టర్ అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. తీసేసిన ముక్క చేతిలో పెడితే కథంతా అదే చెప్తుంది.

మనకి అంత ప్రత్యేకమైన చట్టం లేదు గానీ వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. 2019 చట్టం, 2020 జూలై నుంచి అమల్లో ఉంది. డబ్బు తీసుకుని చేసే రిపేరు కూడా సేవే, దాంట్లో లోపం ఉంటే జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు, ముందు 1915కి ఫోన్ చెయ్యొచ్చు. కాకపోతే బాబాయి దగ్గర లేనిదే అక్కడ మొదట అడుగుతారు: బిల్లు. అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఏ బండి షెడ్డుకి పోయినా నేను చేసేది చెప్తాను. ఇచ్చే ముందు ఫోన్‌తో బండి చుట్టూ, కింద, కిలోమీటర్ల మీటరు మీద ఒక వీడియో. "పాత సామాను డిక్కీలో పెట్టండి మేస్త్రీ" అని ముందే ఒక మాట. బిల్లులో ఏం విప్పారో తెలుగులోనైనా సరే రాయించుకోవడం. మొదట్లో ఒకరిద్దరు మొహం మాడ్చుకున్నారు. మార్కాపురంలో ఆ కారు విప్పి చూపించిన మేస్త్రీ మాత్రం అడక్కముందే పాత బ్రేకు లైనర్లు పేపర్లో చుట్టి డిక్కీలో పెడతాడు. ఆయన దగ్గర ఇప్పుడు మూడు రోజులు ఆగితేగానీ బండి పట్టుకోడు.